పదకొండు రోజుల మైల

దోసె తిరగేసి, చెయ్యి కొంగుకి తుడుచుకుని వచ్చి, "వివాహమంటే రెండు మనసుల ఒడంబడిక మాత్రమే కాదు, ఆ ఇద్దరినీ లోకం గుర్తించడం కూడా" అని టైపు చేశాను. మళ్ళీ వెళ్ళి దోసె తీసి మా ఆయన పళ్ళెంలో వేసి వచ్చేసరికి తర్వాతి వాక్యంతో ఆయన సిద్ధంగా ఉన్నారు. శరత్‌చంద్రగారు నోటితో చెబుతారు, నేను కంప్యూటర్లో కొడతాను. ఇరవై రెండేళ్ళ కాపురంలో మా మధ్య ఒక్క రోజు కూడా తెగనిదేదైనా ఉందంటే అది ఈ టైపింగే.

"చట్నీలో ఉప్పు తగ్గింది. అన్నట్టు ఆ 'ఒడంబడిక' తీసేసి 'ఒప్పందం' అని పెట్టు, జనానికి అర్థమవుతుంది" అన్నారు.

ఒప్పందం అని పెట్టాను. ఉప్పు డబ్బా కూడా తెచ్చి పెట్టాను.

మా ఆయన చిలకలూరిపేట డిగ్రీ కాలేజీలో పొలిటికల్ సైన్సు చెబుతారు. నేను పేటకి ఎనిమిది కిలోమీటర్ల అవతల హైస్కూల్లో సోషల్ చెబుతాను. ఆ ఆదివారం గుంటూరులో ఒక సంఘం వాళ్ళు సభ పెట్టి, ఆడవాళ్ళు ఆడవాళ్ళని, మగవాళ్ళు మగవాళ్ళని చేసుకునే పెళ్ళి గురించి కోర్టులేమన్నాయో, మనమేమనాలో మాట్లాడమని ఈయన్ని పిలిచారు. రెండు వేల ఇరవై మూడు అక్టోబరులో సుప్రీంకోర్టు, పెళ్ళనేది ప్రాథమిక హక్కు కాదు, చట్టం చేసే పని పార్లమెంటుది అనేసింది. మొన్న జనవరిలో రివ్యూ పిటిషన్లు కూడా కొట్టేసింది. మధ్యలో డిసెంబరులో మన హైకోర్టు మాత్రం, ఈడొచ్చిన ఇద్దరు ఆడపిల్లలు కలిసి బతుకుతామంటే కన్నవాళ్ళయినా అడ్డుపడకూడదంది. కేంద్ర ఆరోగ్యశాఖ రాష్ట్రాలకి రాసిన ఉత్తరం ఒకటుంది. దగ్గరి బంధువులు అందుబాటులో లేనప్పుడు, కలిసి బతికినవాళ్ళకి భౌతికకాయం అప్పగించొచ్చని. ఇవన్నీ స్కూలు నుంచి వచ్చాక కూర్చుని వెతికిపెట్టింది నేను. చక్కటి వాక్యాలు చేసింది ఆయన. నిజం చెప్పొద్దూ, టైపు చేస్తూ చేస్తూ ఆగి ఒకటికి రెండుసార్లు చదువుకున్నాను. ఇంత మెత్తటి మనసున్న మనిషితోనా నా కాపురం అని కాసేపు గర్వపడ్డాను. ఆ కాసేపట్లోనే రెండో దోసె మాడింది.

వరండాలో మా అత్తయ్య శ్యామలాంబగారు చాప మీద కూర్చుని ఏడాది కారానికి మిరపకాయల ముచ్చికలు తీస్తోంది. డెబ్బై ఆరేళ్ళు. చెవులు మాత్రం పాము చెవులు.

"ఏంట్రా అది, ఆడదానికీ ఆడదానికీ పెళ్ళా? ఒక్క మగాడికి వండిపెట్టలేకే చస్తన్నాం. ఇద్దరాడాళ్ళు కలిసి ఎవరికి వండుతారు?"

"ఒకళ్ళకొకళ్ళు వండుకుంటారత్తయ్యా" అన్నాను వంటింట్లోంచి.

అత్తయ్య చేతిలో కాయ ఆగింది. "అయితే సుఖమే" అని మళ్ళీ ముచ్చిక తుంపింది. మా ఆయన ముఖం చిట్లించుకున్నారు. అంత గంభీరమైన విషయం మా నోళ్ళలో పడి చులకనైపోయిందని ఆయన బాధ.

సభ పదిన్నరకి. లాయర్లు, లెక్చరర్లు, రిటైరైనవాళ్ళు, వెనక వరసల్లో ఓ పాతికమంది కాలేజీ పిల్లలు. వేదిక ఎక్కబోతూ మా ఆయన తన ఫోను నా చేతిలో పెట్టారు. బ్యాగులో వేసుకున్నాను. ఆయన కళ్ళజోడు పెట్టె, మంచినీళ్ళ సీసా, బీపీ మాత్ర, ఉపన్యాసం రెండో కాపీ కూడా ఆ బ్యాగులోనే ఉంటాయి. నాదంటూ అందులో ఓ దువ్వెన ఉంది.

ముందు మాట్లాడిన పెద్దాయన, "ఇదంతా కడుపు నిండిన పట్నంవాళ్ళ గొడవండీ. మన పొలాల్లో ఎండలో ఒళ్ళొంచేవాళ్ళకి ఇట్టాంటి ఆలోచనలొస్తాయా?" అని చప్పట్లు కొట్టించుకున్నాడు. మా ఆయన లేచి ఆయన్ని ఉతికి ఆరేశారు. చాలా బాగా మాట్లాడారు. ముప్పై ఏళ్ళు కలిసి బతికిన మనిషి ఆసుపత్రి మంచం మీద ఉంటే, బయట నిలబడ్డ మనిషిని 'నువ్వేమవుతావు' అని అడిగే లోకం గురించి చెబుతుంటే ముందు వరసలో ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. ఆ వాక్యం నేను శుక్రవారం బెండకాయలు తరుగుతూ టైపు చేశాను.

అప్పుడే వెనక నుంచి ఒక పిల్ల లేచింది. "సార్, మన పల్లెల్లో ఇట్టా కలిసి బతికే ఆడవాళ్ళున్నారా? మీకెవరైనా తెలుసా?"

మా ఆయన కాస్త ఆలోచించారు. "ఉండే ఉంటారమ్మా. నాకు తెలిసినంతలో అయితే ఎవరూ లేరు."

ఆ మాటకి సరిగ్గా నా ఒళ్ళో బ్యాగు గురగురలాడింది. ఫోను తీసి చూశాను. తెర మీద 'కొండత్త' అని వెలుగుతోంది.

కొండమ్మ మా ఆయనకి మేనత్త, పోయిన మా మామగారు రామమూర్తిగారి చెల్లెలు. నేను పిన్ని అంటాను. దాచేపల్లి సంబంధం చేశారు. మూడేళ్ళు కాపురం చేసి, ఒంటి మీద వాతలతో పుట్టింటికి వచ్చేసింది. పుట్టింట్లో ఏడాది ఉండీ ఉండకుండానే పర్చూరు అవతల ఒక పల్లెకి మిరపకోతలకి కూలికెళ్ళి, అక్కడే రాఘవమ్మ ఇంట్లో ఉండిపోయింది. రాఘవమ్మ పెళ్ళి చేసుకోనని మొండికేసి, తల్లి పోయాక ఒక్కతే ఉంటున్న మనిషి. ఇద్దరూ రెండెకరాలు కౌలుకి తీసుకుని ఒక ఏడాది మిరప, ఒక ఏడాది పత్తి వేసుకుంటూ బతికారు. మా ఇంట్లో ఎప్పుడు రాఘవమ్మ మాట వచ్చినా "కొండమ్మకి తోడుగా ఉండే ఆవిడ" అనేవాళ్ళు. మా ఊళ్ళల్లో పాలు పోసేవాడు బాబాయ్, కూరగాయలమ్మి అక్క, బస్సులో పక్క సీటు ముసలాయన తాతయ్య. రాఘవమ్మకి మాత్రం మా ఇంట్లో ఎవరూ ఏ వరసా ఇవ్వలేదు. నేనూ "ఏమండీ" అని లాక్కొచ్చాను.

పెళ్ళయిన కొత్తలో ఒకసారి వెళ్ళాం వాళ్ళింటికి. మిరపకోతల రోజులు. సాయంత్రం చేలోంచి వచ్చిన పిన్ని చేతులు భగ్గున మండుతున్నాయి. రాఘవమ్మ ఇత్తడి గిన్నెలో చల్లటి మజ్జిగ తెచ్చి, అరుగు మీద పక్కన కూర్చుని, ఆ చేతులు తన ఒళ్ళోకి తీసుకుని ఒక్కో వేలూ మజ్జిగలో ముంచి తుడిచింది. పది వేళ్ళూ. ఏమీ తొందర లేదు. పిన్ని కళ్ళు మూసుకుని గోడకి ఆనుకుంది. నేను గడపలో నిలబడి చూశాను. మనసులో ఏదో కదిలింది, దానికి పేరు తెలియలేదు. ఇరవై రెండేళ్ళలో నా చేతులు కాలాయి, తెగాయి, పగిలాయి. "బర్నాల్ ఫ్రిజ్‌లో ఉంది చూడు" అన్నారు మా ఆయన, ప్రేమగానే.

ఫోను వెలిగింది, ఆరింది, మళ్ళీ వెలిగింది. కారానికి మిగతా కాయలెప్పుడు పంపాలో కనుక్కోడానికి చేసి ఉంటుందనుకున్నాను. నేను లేచి బయటికెళ్ళి మాట్లాడొచ్చు. లేవలేదు. ఆయన ఫోను నేనెత్తితే ఆయనకి గిట్టదు. పోయినేడు ఒక సభలో అత్తయ్యకి ఒంట్లో బాలేదని చీటీ తీసుకుని వేదిక దగ్గరికెళితే, కార్లో పేట వచ్చేదాకా "నలుగురిలో తల తీసేశావు" అని సాధించారు. అది గుర్తొచ్చి కూర్చుండిపోయాను. ఆ కూర్చోవడం నా తప్పే. ఎవరి మీదికీ నెట్టను.

శాలువా, ఫొటోలు, భోజనం పిలుపు. పన్నెండూ నలభైకి బయటికొచ్చి చూస్తే పదకొండు కాల్స్. నేనే తిరిగి చేశాను. ఎత్తింది రాఘవమ్మ.

"అమ్మాయ్, శరత్‌బాబు ఉన్నాడా? కళ్ళంలో కాయలు తిరగేస్తా పడిపోయింది. పేట తీసుకొచ్చాం. గుండెంట. ఏదో చెయ్యాలంట, సంతకం కావాలంట. నన్ను చెయ్యనియ్యట్లా."

గుంటూరు నుంచి పేటకి ఆ రోజు దారి సాగలేదు. యార్డుకెళ్ళే మిర్చి లారీలు బారులు తీరి ఉన్నాయి. మా ఆయన చెమటలు కక్కుతూ నడిపారు. మేం వెళ్ళేసరికి రాఘవమ్మ మెట్ల కింద గోడవారగా నిలబడి ఉంది. చేతిలో ఫ్లాస్కు, సంచిలో పిన్ని చీర. మా ఆయన పెట్టిన సంతకం తడి ఆరకముందే లోపలికి తీసుకెళ్ళారు. రెండుంబావుకి పోయిందని చెప్పారు. "ముందొచ్చినా కష్టమేనండి" అన్నాడు డాక్టరు. ఆ మాట పట్టుకుని మా ఆయన ఎంతమందికి చెప్పారో.

సంగతేమిటో తర్వాత కొంత నర్సు చెప్పింది, కొంత రాఘవమ్మే చెప్పింది. పొద్దున తలుపు దగ్గర "పేషెంటుకి మీరేమవుతారు?" అని అడిగారట. రాఘవమ్మకి ఏం చెప్పాలో తోచలేదు. అక్కా చెల్లీ అందామంటే ఆధార్ కార్డులడుగుతారేమోనని భయం. ఫ్లాస్కు పట్టుకున్న ఇంకొకావిణ్ణి "పనిమనిషినండీ" అనగానే లోపలికి పంపడం చూసింది. తనూ "పనిమనిషినమ్మా" అంది. పంపారు. ఐదు నిమిషాలు పిన్ని పక్కన ఉంది. ఆ తర్వాత సంతకం అవసరమైనప్పుడు "నేను చేస్తా" అని ముందుకొస్తే, "పనిమనిషి సంతకం చెల్లదు, బంధువుల్ని పిలువు" అని బయటికి పంపేశారు. ఆ ఐదు నిమిషాల కోసం, కలిసి బతికిన ముప్పై ఆరేళ్ళూ ఆవిడ తన నోటితోనే కొట్టేసుకుంది. సుప్రీంకోర్టు తీర్పు ఎన్ని పేజీలో నాకు తెలుసు. ఆ మెట్ల కింద అవేవీ లేవు.

పిన్నిని పల్లెకి తీసుకెళ్ళాం. మా ఆయనే తలకొరివి పెట్టారు. ఆ ఇంటి చుట్టూ ఎక్కడ చూసినా ఎర్రగా కాయలు ఆరబోసి ఉన్నాయి. పరామర్శకి వచ్చిన ప్రతివాళ్ళూ ముందు తుమ్మి, తర్వాత ఏడ్చారు. ఏడవనిది రాఘవమ్మ ఒక్కతే. ఎందుకంటే ఆవిడకి తీరిక లేదు.

మైలన్నమాట. మేం పుట్టింటివాళ్ళం, మాకు మైల. మైలపడ్డవాళ్ళు పొయ్యి ముట్టుకోకూడదు. వచ్చినవాళ్ళకి టీలు, మాకు అన్నం ఎవరో ఒకరు చూడాలి. మొదటిరోజు సాయంత్రమే అత్తయ్య చుట్టూ చూసి, "రాఘవమ్మా, నీకు మైల లేదుగా, నువ్వు కాస్త పొయ్యి వెలిగించు తల్లీ" అంది. చెడ్డగా అనలేదు. పద్ధతి ప్రకారం అంది. రాఘవమ్మ తలూపి వెళ్ళి పొయ్యి వెలిగించింది. మూడు రోజులు, తన మనిషి పోయినందుకు వచ్చినవాళ్ళందరికీ తనే టీ కాచి, గ్లాసులు కడిగి, మళ్ళీ కాచింది. నేను కడగబోతే "నీకు మైల కదమ్మా" అని గ్లాసు లాక్కుంది. వచ్చినవాళ్ళు మా ఆయన చేతులు పట్టుకుని ఓదార్చారు. పక్కన ట్రే పట్టుకుని నిలబడ్డ మనిషి దగ్గర గ్లాసు తీసుకున్నారు.

రెండోరోజు పక్కింటి ఖుర్షిదా క్యారియరు నిండా అన్నం, పప్పు తెచ్చింది. రాఘవమ్మని పొయ్యి ముందు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. అత్తయ్య దగ్గరికొచ్చి గొంతు తగ్గించకుండానే అడిగింది. "ఇదేం పద్ధతి పెద్దమ్మా? మావాళ్ళలో చావింట్లో మూడు రోజులు పొయ్యి వెలిగించనియ్యం, చుట్టుపక్కలోళ్ళమే పెడతాం. మీరు ఇంటిమనిషి చేతే వండిస్తన్నారే?"

"ఆవిడకి మైల లేదమ్మా, ఆవిడ మా బంధువు కాదు" అంది అత్తయ్య.

"బంధువు కాదా!" అని ఖుర్షిదా బుగ్గ మీద చెయ్యేసుకుంది. "సరిపోయింది సంబడం. ఊరందరికీ తెలిసింది మీకు తెలవదా?" క్యారియరు రాఘవమ్మ ముందు పెట్టి, ముద్ద కలిపి ఆవిడ నోటి దాకా తీసుకెళ్ళింది. రాఘవమ్మ రెండు ముద్దలు తిని, మూడోది తినకుండా టీ పొంగుతోందని లేచింది.

మైల అనే మాట వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది. కాపురానికొచ్చిన కొత్తలో నెలకి మూడు రోజులు అత్తయ్య నన్ను వంటింటి గడప తొక్కనిచ్చేది కాదు. వెనక వసారాలో చాప, విడిగా చెంబు, విడిగా పళ్ళెం. అవమానంతో ఏడ్చేదాన్ని. తర్వాత అత్తయ్యకి మోకాళ్ళు పోయాయి. "ఈ రోజుల్లో ఇవన్నీ ఏంటి" అని మా ఆయన అభ్యుదయంగా తీర్మానించి మైల ఎత్తేశారు. వంట మాత్రం ఎవరూ ఎత్తలేదు. నెలకి ముప్పై రోజులూ నాదే అయింది. అలాంటి నేను ఆ రాఘవమ్మ వంక చూస్తూ, దేవుడా, ఈవిడకి కాస్త మైల వస్తే బాగుండునని కోరుకున్నాను. నవ్వొస్తుంది గానీ నిజం. కూర్చుని ఏడవడానికి మా ఇళ్ళల్లో ఆడదానికి ఇంకే దారీ పెట్టలేదు మరి.

మూడోరోజు చిన్నకర్మ. పొద్దున్నే అది కానిచ్చి, మోటారు దగ్గర తలస్నానాలు చేసి వచ్చాం. వరండాలో అత్తయ్య ప్లాస్టిక్ కుర్చీలో, మా ఆయన అరుగు మీద, నేను స్తంభానికి ఆనుకుని. తలుపు తీసి ఉంది, లోపల పొయ్యి ముందు రాఘవమ్మ వీపు కనిపిస్తోంది.

"మనకి మూడు రోజులతో మైల తీరిపోయింది" అంది అత్తయ్య. "పెద్దకర్మ కూడా ఇవాళే కలిపి కానిచ్చేశారు కాబట్టి మళ్ళీ రానక్కర్లేదు. మధ్యాన్నం బయల్దేరదాం."

ఆ మాట లోపలికి వినిపించింది. రాఘవమ్మ చెయ్యి తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. అన్ని రోజుల్లో ఆవిడ తనకంటూ ఏదన్నా అడగడం అదే.

"పదకొండో రోజు కూడా చేద్దాం బాబూ. దానికి గారెలంటే పేణం. గారెలొండి, ఊళ్ళో పదిమందికీ పెడితే... అది వెళ్ళిపోయినట్టుండిద్ది. లేకపోతే మూడో రోజే తరిమేసినట్టుండిద్ది."

మా ఆయన లేచి నిలబడ్డారు. ఆయన మర్యాదస్తులు, అది కాదనను. "మీ బాధ నాకు అర్థమైంది రాఘవమ్మగారూ. కానీ చూడండి, పదకొండో రోజు చెయ్యాల్సింది అత్త మెట్టినింటివాళ్ళు. వాళ్ళెవరూ లేరు. ఎవరి తరఫున చేస్తాం? పిలుపులెవరి పేరు మీద వెళతాయి? ఊళ్ళో లేనిపోని మాటలు పుడతాయి. పోయినావిణ్ణి నలుగురి నోళ్ళలో వెయ్యడం దేనికి? ఇంత దూరం గుట్టుగానే వచ్చింది కదా."

గుట్టుగానే వచ్చింది కదా. అంటే తెలుసు. అన్నేళ్ళుగా తెలుసు. ఆ పిల్ల లేచి అడిగినప్పుడూ తెలుసు. రాఘవమ్మ "అట్టాగే బాబూ" అని తల దించుకుని మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ 'అట్టాగే' వినగానే నాకు నా గొంతే వినిపించింది. ఒడంబడిక తీసెయ్యి, అట్టాగే. ఉప్పు తగ్గింది, అట్టాగే. ఫోను ఎత్తకు, అట్టాగే. ఇక నోరు ఊరుకోలేదు.

"అత్తయ్యా, మనకి మైల మూడు రోజులే ఎందుకు?"

"చెప్పాగా. పెళ్ళి చేసి పంపిన పిల్ల పోతే పుట్టింటికి మూడు రోజులు. పదకొండు రోజులు మెట్టినింటికి."

"కొండమ్మ పిన్ని మెట్టినిల్లేది?"

"ఏదుంది? ఆ దాచేపల్లోడు రెండో పెళ్ళి చేసుకున్నాడు, వాడూ పోయాడు."

"అక్కడెన్నాళ్ళుంది?"

"మూడేళ్ళు."

"ఇక్కడ?"

అత్తయ్య వేళ్ళు మడిచింది. "మన శరత్తు పదో తరగతి పరీక్షలు రాసిన ఏడు వచ్చింది. ముప్పై ఆరేళ్ళు."

"అమూల్యా," అన్నారు మా ఆయన, "ఇప్పుడా ఈ చర్చ? ఇది సమయం కాదు."

"మీరు మాట్లాడకండి. మీకు తెలిసినంతలో ఎవరూ లేరుగా."

ఆయన ముఖం పాలిపోయింది. జాలేసింది కూడా. కానీ జాలిపడుతూ కూర్చుంటే మధ్యాన్నమైపోతుంది. నేను అత్తయ్య కుర్చీ ముందు కింద కూర్చున్నాను.

"పిన్నికి జ్వరమొస్తే కాపలా కాసింది ఎవరత్తయ్యా? వండిపెట్టింది ఎవరు? మొన్న ఆదివారం ఆవిడ దాటి వెళ్ళింది ఎవరి గడప? ఆడది పుట్టిల్లు వదిలి వెళ్ళి, అక్కడే బతికి, అక్కడ్నుంచే పోతే, ఆ ఇంటిని మనం ఏమంటాం? పద్ధతులన్నీ మీకే తెలుసు. మీరే చెప్పండి. మెట్టినిల్లు లేకుండా పోయిందా పిన్ని? లేక, ఉన్నదాన్ని మనమే చూడనట్టు నటిస్తున్నామా?"

కళ్ళంలో ఆరిన కాయలు గాలికి గలగలమంటున్నాయి. అత్తయ్య పెద్దగా చదువుకోలేదు, ఏ సభకీ వెళ్ళలేదు. కానీ ఆవిడ ఒక పద్ధతి చెప్పిందంటే దానికి తనూ కట్టుబడుతుంది. తనకి కష్టమైనా సరే. మామగారు పోయినప్పుడు పదకొండు రోజులూ మూల కూర్చుని మంచినీళ్ళు కూడా ఒకళ్ళిస్తే తాగింది. "జీవితంలో నన్నెవరన్నా కూర్చోబెట్టి పెట్టింది ఆ పదకొండు రోజులేనే" అని తర్వాతెప్పుడో నాతో అంది. ఇప్పుడు ఆవిడ చూపు లోపల పొయ్యి ముందున్న వీపు మీద ఉంది. నిజం చెప్పాలంటే భయమేసింది నాకు. ఆవిడ కాదంటే ఇక అప్పీలు లేదు.

"కొండమ్మ ఒకసారి నాతో అంది" అంది అత్తయ్య మెల్లగా, ఎవరి వంకా చూడకుండా. "'వదినా, నేను ఇప్పుడు కాపురం చేసుకుంటన్నా' అని. ఏడిశావులే అన్నా. నవ్వులకనుకున్నా." కొంగు భుజం మీదికి లాక్కుంది. "నవ్వులకనే అనుకోవాలనుకున్నా."

కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. మోకాళ్ళు సహకరించవు, అయినా నా చెయ్యి పట్టుకోలేదు. గడప దాటి లోపలికెళ్ళి రాఘవమ్మ వెనక నిలబడింది.

"రాఘవమ్మా, లే."

రాఘవమ్మ కంగారుగా తిరిగింది. "టీ అయిపోయిందండీ, వడగట్టి..."

"పొయ్యి దగ్గర్నుంచి లే ముందు. నీకు మైల. పదకొండు రోజులు పొయ్యి ముట్టుకోకూడదు నువ్వు. మూడు రోజులు ముట్టించాను, ఆ పాపం నాది, కొండమ్మకి నేను చెప్పుకుంటా." ఆవిడ చేతిలోంచి పట్టకారు తీసి కింద పెట్టింది. "పదకొండో రోజు ఇక్కడే చేద్దాం. నీ ఇంట్లో, నీ పేరు మీద. గారెలు మేమొచ్చి వండుతాం."

రాఘవమ్మకి అర్థం కాలేదు. అత్తయ్య ముఖం చూసింది, నా ముఖం చూసింది, పొయ్యి చూసింది. నేను వెళ్ళి చెయ్యి పట్టుకుని వరండాలోకి తీసుకొచ్చి, పిన్ని పడుకునే మంచం పక్కన చాప పరిచి కూర్చోబెట్టాను. ఆ చెయ్యి మిరప ఘాటుకి, సబ్బునీళ్ళకి బరకబరకగా ఉంది. కూర్చున్నాక కూడా ఓ నిమిషం నిటారుగానే ఉంది, ఎవరో లేపుతారన్నట్టు. ఎవరూ లేపలేదు. అప్పుడొచ్చింది ఏడుపు. "కొండా" అని ఒక్క కేక పెట్టింది. "ఒసే కొండా, నీ పక్కన నన్నుండనియ్యలేదే. పనిమనిషినని చెప్పానే నేను. నా నోటితో నేనే చెప్పానే కొండా..." గుండెలు బాదుకుంటూ, జుట్టు విరబోసుకుని, ఊరికి ఆ చివర దాకా వినపడేట్టు ఏడ్చింది. ఖుర్షిదా గోడ దూకినంత పని చేసి వచ్చి ఆవిణ్ణి ఒళ్ళోకి లాక్కుంది. అత్తయ్య పక్కనే కూలబడి, ఆడపడుచు పోయినప్పుడు ఏడవని ఏడుపు అప్పుడేడ్చింది. నేనూ ఏడ్చాను. నా ఏడుపులో ఎవరెవరున్నారో విడదీసి చెప్పలేను.

పొయ్యి మీద టీ పొంగి మంట మీద పడి చుయ్‌మంది.

మా ఆయన అరుగు మీద బొమ్మలా నిలబడి ఉన్నారు. అత్తయ్య కొంగుతో ముక్కు తుడుచుకుని అటు తిరిగింది. యాభై ఏళ్ళు కొడుకుని వంటింట్లోకి రానివ్వని మనిషి.

"ఒరేయ్ శరత్తూ, చూస్తావేంట్రా? మన మూడు రోజులూ అయిపోయినయ్‌గా. నీకు మైల్లేదు. వెళ్ళి ఆ టీ సంగతి చూడు. మైల మనిషికి ముందు ఒక గ్లాసు తీసుకురా."

ఆయన నా వంక చూశారు. రెండో కాపీ కోసం చూసే చూపది. నేను కదల్లేదు. ఆయన నెమ్మదిగా చెప్పులు విడిచి లోపలికి వెళ్ళారు. గిన్నెల చప్పుడు, మూత కింద పడ్డ చప్పుడు, చెయ్యి కాలి "అబ్బా" అన్న చప్పుడు వరసగా వినిపించాయి. తర్వాత ఆయన గొంతు.

"పంచదార ఎక్కడుంది?"

అంత ఏడుపులోనూ రాఘవమ్మ నేల మీద చెయ్యి ఆనించి లేవబోయింది. భుజం మీద చెయ్యేసి ఆపాను.

"కూర్చో పిన్నీ. వెతుక్కుంటారు."